పద్మకుమారి కుడి భుజం

నౌపడ స్టేషన్లో గుణుపురం పాసింజరు కదిలిపోతోంది. నరసింగరావు ముందు తానెక్కేసి, వెనక్కి తిరిగి, పరుగున వస్తున్న భార్య కుడిచెయ్యి అందుకుని ఒక్క గుంజు గుంజాడు. అలా గుంజకపోతే పద్మకుమారి ఆ పూట ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయేది, పర్లాఖిమిడిలో తన మేనకోడలి పెళ్ళికి అందేది కాదు. ఆమె ఎక్కింది. ఎక్కుతూనే "అమ్మా" అని భుజం పట్టుకుని తలుపు దగ్గరే చతికిలబడిపోయింది.

"ఏటయ్యింది? దెబ్బ తగిలిందేటి?"

"తగల్నేదు గాని, లోపలెక్కడో కలుక్కుమన్నాది. ముందు సీటు సూడు బావా."

వాళ్ళిద్దరూ మేనత్త మేనమామ పిల్లలు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆమె అతన్ని బావా అనే పిలుస్తుంది.

పెళ్ళిలో అక్షింతలు వేసేవేళకి ఆమె చెయ్యి లేవలేదు. ఎడమచేత్తో వేస్తే బాగుండదని, కుడి మోచెయ్యిని ఎడమ అరచేత్తో కిందనించి ఎత్తిపట్టుకుని, ఎలాగో నాలుగు గింజలు పిల్ల తలమీద పడేలా విదిలించింది. పక్కనున్నవాళ్ళెవరూ గమనించలేదు. నరసింగరావు చూశాడు. ఆ పూట భోజనాల్లో అతనికి ముద్ద దిగలేదు.

ఊరికొచ్చాక బామ్ రాశారు, ఉప్పు కాపడం పెట్టారు, ఒకరెవరో చెబితే కట్టు కూడా కట్టించారు. ఏదీ పనిచెయ్యలేదు. పగలు ఎలాగో గడిచేది. పడుకుంటే మాత్రం భుజం లోపల ఎవరో పళ్ళతో కొరుకుతున్నట్టుండేది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని కునికేది. అతను కళ్ళు మూసుకుని మేలుకునే ఉండేవాడు. తను గుంజిన గుంజుడే కదా అనుకునేవాడు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

చివరికి సాలూరులో ఉన్న కూతురు దుర్గాభవాని వచ్చి, తల్లిని శ్రీకాకుళం తీసుకెళ్ళింది. అక్కడ జగన్నాధం అనే ఎముకల డాక్టరు స్కానింగ్ తీయించాడు. రిపోర్టు చూసేవేళకి కూతురూ తల్లీ గదిలోకి వెళ్ళారు. నరసింగరావు వెళ్ళలేదు. లోపలికెళితే 'ఎలా జరిగింది?' అని డాక్టరు అడుగుతాడు, తను చెప్పాలి. అందుకని వరండాలో బల్లమీద కూర్చుని, గోడకి అంటించిన బొమ్మలో ఎముకలు లెక్కపెడుతూ ఉండిపోయాడు.

పద్మకుమారి బయటికొచ్చి అతని పక్కన కూర్చుంది.

"కండని ఎముక్కి కట్టీసే తాడులాటిది ఉంటాదంట బావా. అది తెగిపోనాదంట. పెద్ద కోత నేదంట. సిన్న సిన్న కన్నాలు పెట్టి, కెమేరాతో లోపలికి సూసి, కుట్టీస్తారంట. ఇంకోటేటంటే..."

"టీ తెస్తానుండు" అని అతను లేచి వెళ్ళిపోయాడు. 'తెగిపోనాది' అన్న మాట చాలు అతనికి. మిగిలింది వినలేదు.

వైశాఖంలో ఆపరేషనయింది. మత్తు దిగాక చూస్తే భుజం మీద మిరపగింజలంత గాట్లు, వాటిమీద ప్లాస్టరు బిళ్ళలు. ఇంతేనా అనిపించింది అతనికి. కాని డాక్టరు ఇంటికి పంపేటప్పుడు చెప్పిన మాటలు విన్నాక, కోత చిన్నదే గాని పని పెద్దదని అర్థమయింది. ఆరు వారాలు చెయ్యి సొంత బలంతో ఎత్తకూడదు. చంకలో దిండు, మెడనించి జోలె. పడకకుర్చీలోనే నిద్ర. పూర్తిగా కుదురుకోడానికి ఏడాది పట్టొచ్చు. ఈలోగా బరువు ఎత్తినా, చటుక్కున గుంజినా కుట్లు ఊడిపోవచ్చు.

గుంజడం అన్న మాట దగ్గర నరసింగరావు నేలచూపులు చూశాడు.

దుర్గాభవాని కొన్నాళ్ళుండి సాలూరు వెళ్ళిపోయింది. అల్లుడిది లారీల ఆఫీసు. రోజంతా బళ్ళతో, డ్రైవర్లతో సతమతం. పిల్లలకి స్కూళ్ళు తెరిచే వేళయింది. వెళ్తూ వెళ్తూ తండ్రికి అన్నీ అప్పగించింది. జాకెట్టు తొడిగేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. ఊళ్ళో కుట్టుమిషను రాణి రెండు జాకెట్లకి భుజాలు విప్పదీసి, ముడివేసుకునేలా నాడాలు కుట్టిపెట్టింది. అదంతా సులువే. తల దువ్వడం దగ్గరే తంటా వచ్చింది.

"పశువుకి తోక దులిపినట్టు దులుపుతున్నావేటి? సిన్నగా, కిందనించి సిక్కు తియ్యి" అంది పద్మకుమారి.

"కూకో కదలకుండా. గోగునార తాళ్ళు పేనిన సేతులు ఇవి. మూడు పాయలే కదేటి."

మూడు పాయలే, కాని ఆ పూట జడ ఎడంవైపు వంకరపోయి చెవి కింద తేలింది. పక్కింటి లక్ష్మణమ్మ గోడమీంచి తొంగిచూసి, "ఓలమ్మ, బావ జడేస్తన్నాడర్రా!" అని వీధంతా వినిపించేలా అరిచింది. అతనికి సిగ్గేసింది గాని మానలేదు. నెల తిరిగేసరికి బిగువుగా, నిటారుగా జడ పడేది. లక్ష్మణమ్మ మళ్ళీ గోడ దగ్గరికొచ్చింది. కాసేపు నిలబడి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆరు వారాలయ్యాక వ్యాయామాలు మొదలయ్యాయి. శ్రీకాకుళంలో బస్టాండుకి దగ్గర్లో గౌతమి అనే అమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుంది. విజయనగరం పిల్ల. వాళ్ళింట్లో అందరూ సంగీతం చెప్పేవాళ్ళేనట. ఈమె మాత్రం ఇటు వచ్చింది. మాట మెత్తన, పని కచ్చితం. పద్మకుమారిని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, నరసింగరావుని పిలిచింది.

"రోజూ ఇంటిదగ్గర చెయ్యాల్సింది మీరే బాబాయ్. ఒక చెయ్యి మోచెయ్యి కింద, ఒక చెయ్యి మణికట్టు దగ్గర. పిన్ని చెయ్యి వదులుగా వదిలేస్తుంది. మీరు మెల్లగా పైకి తీసుకెళ్ళాలి."

అతను పట్టుకున్నాడు. చెయ్యి బెత్తెడు లేచేసరికి దింపేశాడు.

"నావల్ల కాదమ్మా. ఇంకెవరిసేతైనా సేయిద్దుం."

"ఇంకెవురున్నారు?" అంది పద్మకుమారి పడుకునే. "గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎలగ బావా? గట్టిగా పట్టు. నొప్పెడితే నాను సెప్తాను కదా."

మళ్ళీ పట్టుకున్నాడు. గౌతమి తన చెయ్యి అతని చేతిమీద ఉంచి దారి చూపించింది. పద్మకుమారి పెదవి బిగించి, ఒకచోట "ఇక్కడ" అంది. అక్కడ ఆపాడు. కాసేపాగి దింపాడు. నుదుటి మీద చెమట తుడుచుకుంది అతనే.

తర్వాత రోజూ రెండుపూటలా అదే పని. ముందుకి వంగి చేతిని గోడగడియారం లోలకంలా ఊపడం. తర్వాత తలుపు మీంచి తాడు వేసి, ఎడమచేత్తో లాగుతూ కుడిచెయ్యి పైకెత్తడం. కర్ర రెండు చేతులా పట్టుకుని మంచంమీద పడుకుని ఎత్తడం. చెయ్యి కొంచెం లేచేది. భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోయేది. వారాలు గడిచినా అక్కడే.

శ్రావణంలో ఉడుపులు మొదలయ్యాయి. ఊళ్ళో ఆడవాళ్ళందరూ మళ్ళలో వంగి నాటుతుంటే పద్మకుమారి గొడుగేసుకుని గట్టుమీద నిలబడింది. నలుగురిలో వేగంగా నాటేది ఆమేనని పేరు. పాట ఎత్తుకునేదీ ఆమే. ఆ రోజు ఎవరో ఎత్తుకున్నారు. ఆమె కాసేపు విని ఇంటికొచ్చేసి, పెరట్లో అరుగుమీద కూర్చుని ఏడ్చింది. నరసింగరావు వెనకాలే వచ్చాడు.

"నానింక గట్టుమీద దిష్టిబొమ్మనే బావా."

"అలగనకు."

"ఏటనకూడదు? సూడు, ఇంతే లెగస్తాది" అని చెయ్యి ఎత్తి చూపించింది. నిజంగానే అంతే లేచింది.

పక్కన కూర్చున్నాడు. తప్పంతా నాదే అన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె ఏమంటుందోనని భయం. ఏమీ అనకుండా ఊరుకుంటుందేమోనని ఇంకా భయం. మింగేశాడు.

తర్వాతి వారం గౌతమి దగ్గర ఆ ఏడుపు సంగతి తనే చెప్పింది పద్మకుమారి. గౌతమి నవ్వలేదు, ఊరుకోమనీ అనలేదు. "ఈ మూడో నెల అందరికీ కష్టంగానే ఉంటుంది పిన్నీ. నొప్పి తగ్గుతుంది కదా, పని మాత్రం జరగదు. అప్పుడే చాలామంది మానేస్తారు. మీరు మానకండి" అంది.

ఆమె మానలేదు. వినాయక చవితి వెళ్ళాక చెయ్యి చెవి దాకా వచ్చింది. దసరాల్లో ఒకరోజు నరసింగరావు పొలంనించి వచ్చేసరికి ఆమె వంటింట్లో పై అరమీంచి పంచదార డబ్బా దించుతోంది. మెల్లగా, ఎడమచెయ్యి అడ్డం పెట్టుకునే, కాని దించింది. డబ్బా గట్టుమీద పెట్టి వెనక్కి తిరిగి అతన్ని చూసి, దొంగతనం చేస్తూ దొరికినదానిలా నవ్వింది. ఆ పూట రెండు కప్పుల టీ తాగాడతను. రబ్బరు పట్టీ కట్టి బలం తెచ్చుకునే వ్యాయామాలు కూడా మొదలయ్యాయి. జడ మాత్రం ఇంకా అతనే వేస్తున్నాడు. చెయ్యి వీపు వెనక్కి వెళ్ళడం లేదని ఆమె అనేది. అతనూ నమ్మేవాడు.

మార్గశిరంలో వాయుగుండం వచ్చింది. అప్పటికి కోతలైపోయి కళ్ళంలో ధాన్యం ఆరబోసి ఉంది. పొద్దున్న ఎండ కాసింది. మధ్యాహ్నానికి సముద్రం వైపు నల్లగా కమ్ముకొచ్చి, ఉప్పుమళ్ళ మీదుగా గాలి లేచింది. కూలీలెవరూ దగ్గర లేరు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. నరసింగరావు పారతో ధాన్యం పోగుచేశాడు. పద్మకుమారి ఎడమచేత్తో చీపురు పట్టి ఊడ్చింది. బరకం తెచ్చి కప్పుతుండగా పెద్ద గాలి కొట్టింది. బరకం రెండో కొస పైకి లేచి, పడగలా విప్పుకుంది.

"పట్టుకోయే! లాగు! కిందికి లాగు!" అని అరిచాడతను.

ఆమె రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ లాగింది. బరకం దిగింది. ఆమె భుజంలో టక్కున చప్పుడయింది. తనకి లోపల వినిపించిందో, బయటికే వినిపించిందో ఆమెకి తెలియదు గాని, చెయ్యి వదిలేసి ధాన్యం మీదే కూలబడింది. అతను తన కొసమీద రాయి పెట్టి పరుగెత్తుకొచ్చాడు. చినుకులు మొదలయ్యాయి.

"తెగిపోనాదేటి?"

"తెల్దు. టక్కుమన్నాది."

ధాన్యం తడవలేదు. ఆ రాశి చూస్తే అతనికి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చాక జోలె మళ్ళీ తీసి ఆమె మెడలో వేశాడు. కూతురికి ఫోన్ చెయ్యొద్దందామె. ఇద్దరూ అన్నం ముందు కూర్చుని లేచారు. మొదటిసారీ నేనే, రెండోసారీ నేనే. అతని బుర్రలో తెల్లవార్లూ అదొక్కటే తిరిగింది.

పొద్దున్నే టెక్కలి వచ్చి శ్రీకాకుళం బస్సెక్కారు. దారంతా వాన. ఆస్పత్రిలో పేరు పిలిచినప్పుడు పద్మకుమారి లేచి, "ఈసారి నువ్వూ రా బావా. నాకు భయంగా ఉన్నాది" అంది. ఎన్నడూ ఆమె నోట ఆ మాట వినలేదతను. లేచి వెనకాలే వెళ్ళాడు.

డాక్టరు జోలె తీయించి, చెయ్యి అన్నివైపులా తిప్పి చూశాడు. తన చేతిని అడ్డం పెట్టి, "నెట్టండి, ఇంకా గట్టిగా" అన్నాడు. ఆమె నెట్టింది. తర్వాత భుజానికి చల్లటి జిగురు రాసి, చిన్న మిషను దానిమీద జరుపుతూ తెరవైపు చాలాసేపు చూశాడు. నరసింగరావుకి ఆ తెరలో నలుపూ తెలుపూ చారలు తప్ప ఏమీ కనబడలేదు. డాక్టరు ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

"ఏం కాలేదమ్మా" అన్నాడు డాక్టరు. "మా కుట్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. తాడు ఎముకని కరుచుకునే ఉంది. లోపల బిగుసుకుపోయిన పొర ఏదో విడిపోయుంటుంది, పైన కండ బెణికింది. రెండు వారాలు విశ్రాంతి, తర్వాత మళ్ళీ గౌతమి దగ్గరికెళ్ళండి. ఇంత లాగినా నిలబడిందంటే గట్టిగా అతుక్కున్నట్టే. అలాగని మళ్ళీ లాగకండి."

పద్మకుమారి ఊపిరి వదిలి కళ్ళు మూసుకుంది. నరసింగరావు గోడ పట్టుకున్నాడు. పట్టుకుని, ఎవరూ అడక్కుండానే, ఒక్కసారిగా మొదలుపెట్టాడు.

"డాక్టరుబాబూ, ఆమె తప్పేటీ నేదు. లాగమన్నది నానే. ముందుసారీ నానే బాబూ. రైలు కదిలిపోతంటే నానే గుంజీసినాను. నా సేత్తో నానే తెంపీసినాను. మీకు సెప్పనేకపోనాను."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"మీరు తెంపలేదు" అన్నాడు. "నేను లోపల కెమేరాతో చూశాను కదా. కొత్తగా తెగింది ఒకలా ఉంటుంది, ఏళ్ళ తరబడి అరిగింది ఒకలా ఉంటుంది. ఈవిడది పాత చీర కుచ్చుల్లా పీలికలైపోయి ఉంది. దాన్ని లాగే కండ కూడా అప్పటికే సన్నబడింది. చివరి పోగేదో మీరు గుంజినప్పుడు తెగి ఉండొచ్చు, కాదనను. ఆ రోజు కాకపోతే ఇంకో నెలకి బిందె ఎత్తుతూ తెగేది. ఆపరేషన్‌కి ముందు స్కానింగ్ చూసినప్పుడే ఈ మాట చెప్పానే."

"నాకు సెప్పినారు బాబూ" అంది పద్మకుమారి. ఆమె మొగుడి వైపే చూస్తోంది. "ఇతనికి సెప్పబోతే టీకని ఎల్లిపోనాడు."

బయట వరండాలోకి వచ్చాక ఆమె నడక ఆపింది. చుట్టూ రోగులు, వాళ్ళ మనుషులు. అయినా గొంతు తగ్గించలేదు.

"ఇన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావేటి?"

"మరేటి సెయ్యను?"

"అడగాల! నోరున్నాది కదా! నాకు నాలుగేళ్ళ బట్టి ఆ భుజం సలుపుతున్నాది. బిందె ఎత్తితే సలుపు, రోలుకాడ సలుపు. నీకు సెప్తే పొలంకి రావద్దంతావని దాసీసినాను. నువ్వు తొంగున్నాక బామ్ రాసుకునీదాన్ని."

"నాలుగేళ్ళా?"

"నాలుగేళ్ళు."

అతను బల్లమీద కూర్చున్నాడు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, తల వంచి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని ఎడమచెయ్యి అతని వీపుమీద వేసింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన, ఏదో చెడ్డ కబురు విన్నారనుకుని, "ధైర్యంగుండు బాబూ" అన్నాడు.

"ఏటీ నేదు తాతా" అంది పద్మకుమారి. "అంతా బాగున్నాది. అందుకే ఏడుస్తన్నాడు."

కాసేపటికి అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆమె ఏదో ఆలోచించి, ఉన్నట్టుండి అడిగింది.

"అయితే ఇన్నాళ్ళూ నా జడ తప్పు సేసినానని ఏసినావన్నమాట. నానేటో అనుకున్నాను."

"ఏటనుకున్నావు?"

"ఏటో అనుకున్నాను లే."

"మొదట అందుకే ఏసినాను" అన్నాడతను నిజాయితీగా. "తరవాత తరవాత అది గుర్తుకే రాలేదు. పొద్దున్నే అదో పని, అంతే. బాగుండేది."

"బాగుండేదంట!" అని ఆమె నవ్వింది. నవ్వితే భుజం నొప్పెట్టి "అబ్బా" అంది. మళ్ళీ నవ్వింది. "నాకూ బాగుండేదిలే. దీపావళికే నా సెయ్యి యెనక్కి ఎల్లీది. సెప్పనేదు."

అతను ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తర్వాత ఇద్దరూ వాన వెలిసేదాకా ఆగి, బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో భోజనానికి కూర్చున్నారు. నరసింగరావు సాంబారు రెండుసార్లు పోయించుకుని, గోంగూర పచ్చడి మళ్ళీ అడిగి, పెరుగు దగ్గర కూడా ఇంకొంచెం అన్నం పెట్టమన్నాడు. అప్పుడు సాలూరు ఫోన్ చేసి కూతురికి చెప్పారు. చెప్పకుండా వెళ్ళినందుకు దుర్గాభవాని ఇద్దర్నీ చెడామడా తిట్టింది. హాయిగా తిట్లు తిన్నారు.

రెండు వారాల విశ్రాంతి అయ్యాక పద్మకుమారి మళ్ళీ రబ్బరు పట్టీ పట్టుకుంది. విచిత్రంగా చెయ్యి ఇదివరకటికంటే సులువుగా లేవసాగింది. చలికి పొద్దున్న కాస్త పట్టేసేది, వేణ్ణీళ్ళు పోసుకుంటే వదిలేది. ఆ సంవత్సరం పెసలూ మినుములూ తనే దగ్గరుండి తీయించింది. బుట్టలు మాత్రం ఎత్తలేదు. ఎత్తబోతే కూలి ఆడవాళ్ళే లాక్కునేవారు.

ఎండలు ముదురుతుండగా గౌతమి చివరిసారి కొలిచి చూసింది. కుడిచెయ్యి ఎడమదానికంటే కొద్దిగా తక్కువ లేస్తుంది. వీపు వెనక బొటనవేలు ఇంకో బెత్తెడు పైకి పోవాలి. బరువులు తలకెత్తకూడదు, బావిలో చేద తోడకూడదు, ఉడుపుకి వెళితే పూటకంటే ఎక్కువ చెయ్యకూడదు.

"ఇంక ప్రతి వారం రానక్కర్లేదు పిన్నీ. ఇంట్లో చేసుకుంటూ ఉండండి" అంది.

పద్మకుమారి తెచ్చిన జీడిపప్పు పొట్లం బల్లమీద పెట్టింది. వెళ్ళడానికి లేచి, గుమ్మందాకా పోయి, ఆగింది. నరసింగరావు కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించి, మోకాలు పట్టుకుని, మెల్లగా నిలబడుతున్నాడు.

"ఏటది?" అంది.

"ఏటీ నేదు" అనబోయాడు. ఆమె ముఖం చూసి ఆ మాట మానేశాడు. "మోకాలు. మెట్లు దిగితే పట్టీస్తున్నాది."

"గౌతమమ్మా, ఇంకో మనిషున్నాడు నీకు. కూకో బావా."

అతను కూర్చున్నాడు. గౌతమి నవ్వుతూ బల్ల దగ్గరికి జరిగి, "ఎన్నాళ్ళ నించి బాబాయ్?" అని అడిగింది.

"సంకురాత్రికి ముందునించి" అన్నాడు నరసింగరావు. భార్య వైపు చూసి, "కాదు. అంతకు ముందునించే" అన్నాడు.